వేలికి బయానా

పరిగి దాటి కుల్కచర్ల దాకా మాఘమాసంలో ఏ ఫంక్షన్ హాల్ ముందు ఆగినా ఒక సంగతి తేటతెల్లమవుతుంది. ఈ మండలానికి ప్రేమ ఈమధ్యనే వచ్చింది. పెద్దమనుషులు అరుగు మీద కూర్చొని, పిల్లకు బొట్టుపెట్టించి, "ఇగ ఖాయం" అనుకొని కల్లుకు లేచిన కాలంలో అది లేదు. చుట్టుపక్కల తండాల్లో బెల్లం నోట్లో వేసుకొని మాట కలుపుకున్నప్పుడూ లేదు. ఎల్‌ఈడీ తెర మీద ఎర్రగుండె ఎగిరెగిరి పడుతుంటే, పొగ మిషన్ వదిలిన మబ్బులోంచి, డ్రోన్ కాళ్ళకు వేలాడే డబ్బాలో రెండు ఉంగరాలు కిందికి దిగాయి చూడండి, ప్రేమ అప్పుడు దిగింది. దిగగానే బిల్లు అడిగింది.

డ్రోన్‌కు ఒక రేటు, పొగకు ఒక రేటు. ఉంగరాల పళ్ళెం మీద ఇద్దరి పేర్లూ ఇంగ్లీషులో రాయించినందుకు ఇంకో రేటు. అంతకు వారం ముందే అనంతగిరి గుట్టల్లో, ఆ తర్వాత కోట్‌పల్లి నీళ్ళ మీద పడవలో, ఒకరినొకరు అప్పుడే తొలిసారి చూసుకున్నట్టు ఆ పిల్లా పిల్లగాడూ నాలుగు టేకులు నటించి వచ్చారు. దానికీ రేటుంది. ఇవన్నీ ఎవరి ఖాతాలో పడతాయన్నది కాస్త ఆగి మాట్లాడుకుందాం. ముందు నరం సంగతి తేల్చాలి.

ఈ నిశ్చితార్థం వేడుకకు మంత్రాలు చదివేది పంతులు గాదు, యాంకర్. మైకుతో సహా హైదరాబాద్ నుంచి వస్తుంది. "ఎడమ చెయ్యి, నాలుగో వేలు! ఎందుకో తెలుసా అండీ? ఆ వేలి నుంచి ఒక నరం డైరెక్ట్‌గా హార్ట్‌కి వెళ్తుంది!" అంటుంది. హాలంతా చప్పట్లు. రెండో వరసలో కూర్చున్న ఆరెంపీ డాక్టరు కూడా కొడతాడు. పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ చేతుల మీద నరం వెతికి సూది గుచ్చేది ఆయనే. ఇంత దగ్గరి దారి ఉందని ఆయనకూ ఇప్పుడే తెలిసింది.

ఆ నరానికి పెద్ద వంశవృక్షమే ఉంది, కాకపోతే అది వైద్యశాస్త్రంలో లేదు. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో ఆలస్ గెల్లియస్ అనే రోమన్ రచయితకు ఒక సందేహం వచ్చింది. ఉంగరం ఎడమచేతి చిటికెనవేలి పక్క వేలికే ఎందుకు? జవాబు ఏపియన్ అనే ఈజిప్టు పండితుడి పుస్తకంలో దొరికింది. ఈజిప్టులో శవాలను కోసి చూసినప్పుడు ఆ ఒక్క వేలి నుంచే సన్నటి నరం గుండెదాకా పోయి కనబడిందట. అందుకే దానికి ఆ మర్యాదట. ఇంతకీ ఈ ఏపియన్ ఎవరు? తిబేరియస్ చక్రవర్తి ఆయనకు 'లోకపు తాళం' అని పేరు పెట్టాడు. ఆ పేరు చాలలేదని ప్లినీ అనే పెద్దాయన సవరించాడు: తాళమెక్కడిది, సొంత కీర్తిని సొంతంగా కొట్టుకునే డప్పు. ఆ డప్పు రెండువేల ఏళ్ళుగా మోగుతూ మోగుతూ ఇప్పుడు మన ఫంక్షన్ హాల్ స్పీకర్లలోకి వచ్చింది. మధ్యలో హెన్రీ స్విన్‌బర్న్ అనే ఇంగ్లీషు లాయరు, 1686లో అచ్చయిన పుస్తకంలో, దానికి ప్రేమనాళమని అర్థం వచ్చేట్టు ఒక లాటిన్ బిరుదు కూడా తగిలించాడు. లాటిన్‌లో చెబితే నమ్మనివాడు అక్కడా లేడు, సంస్కృతంలో చెబితే నమ్మనివాడు ఇక్కడా లేడు.

రక్తం ఇరవై వేళ్ళ నుంచీ గుండెకే పోతుంది. ఇంటర్‌లో బైపీసీ తీసుకున్న పిల్లనడిగినా చెబుతుంది. కానీ ఆ పిల్లే స్టేజీ మీద పెళ్ళికూతురు, చెప్పడానికి వీల్లేదు.

మనవాళ్ళు ఏపియన్‌కు ఏమీ తీసిపోలేదు. మట్టెల మీద వాట్సాప్‌లో తిరిగే శాస్త్రం చదివారా? కాలి రెండో వేలి నుంచి ఒక నరం గర్భాశయానికి పోయి, అక్కణ్ణుంచి గుండెకు చేరుతుందట. వెండి మట్టె ఆ నరాన్ని నొక్కుతూ ఉంటే సర్వం క్షేమమట. నాసా వాళ్ళు కూడా ఒప్పుకున్నారన్న ముక్క ఒక్కటే తక్కువ. దాన్ని కూడా ఎవరో ఈపాటికి కలిపే ఉంటారు. నన్ను వేధించే ప్రశ్న ఇంకోటి. ఆడపిల్లకు వేలి నుంచి, కాలి నుంచి, మెడ నుంచి, నుదుటి నుంచి ఇన్ని నరాలు ఇన్ని దిక్కులకు పోతుంటే, మగవాడికి నొక్కవలసిన నరం ఒక్కటీ లేదా? పెళ్ళయిన లంబాడా ఆడబిడ్డకు జుట్టుకు ఘుగ్రీలు, మోచేతి పైదాకా గాజులు. పక్క ఊరి పెళ్ళయిన ఆడబిడ్డకు పుస్తెలు, నల్లపూసలు, మట్టెలు. ఆమెను చూస్తే పెళ్ళయిందని పది గజాల దూరం నుంచే తెలుస్తుంది. ఆయనకు పెళ్ళయిందని తెలియాలంటే ఆధార్ కార్డు చూడాలి. అందులోనూ ఉండదు.

సరే, ఉంగరం అసలు మొదలెక్కడ? ప్లినీనే అడుగుదాం. వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైన 79వ సంవత్సరంలో, దాన్ని చూడబోయి పోయినవాడు. తన కాలంలో కూడా, పెళ్ళి కుదిరిన పిల్లకు పంపే ఉంగరం ఇనుపదేనని రాసిపెట్టాడు. రాయి లేదు, రవ్వ లేదు. బంగారాన్ని మొదట వేళ్ళకు తొడిగినవాడు మానవజాతికి మహాపరాధం చేశాడని కూడా అన్నాడు. ఆ ముసలాయన తాండూరు బంగారం బజారులో ధంతేరస్ నాడు ఒక పూట నిలబడితే అగ్నిపర్వతం దాకా పోవలసిన పని ఉండేది కాదు. ఇనుప ఉంగరం గురించి ఇంకో ముక్క కూడా చెప్పాడాయన. కొండకు కట్టేసిన ప్రొమీథియస్ వేలికి ఉన్న ఇనుప చుట్టును పాతకాలం వాళ్ళు నగగా చూడలేదట, సంకెలగా చూశారట. యాంకర్ ఈ ముక్క చెప్పదు.

ఇనుపదైనా ఇత్తడిదైనా, ఆ ఉంగరం పనేమిటో తెలుసుకోవడానికి కుల్కచర్లవాడికి లాటిన్ అక్కర్లేదు. ఎకరం భూమి బేరం కుదిరితే ఏం చేస్తాం? బయానా ఇస్తాం. కొనేవాడు వెనక్కిపోతే బయానా పోయినట్టే. అమ్మేవాడు మాట తప్పితే పుచ్చుకున్నదానికి పైన కలిపి కక్కాలి. రోమన్లు పెళ్ళికి రాసుకున్నది అచ్చం ఇదే. నిశ్చితార్థం బయానా ఇచ్చిన మగపెళ్ళివాళ్ళు తప్పుకుంటే సొమ్ము పోయినట్టు. పుచ్చుకున్న ఆడపెళ్ళివాళ్ళు తప్పుకుంటే మొదట్లో నాలుగింతలు, అది మరీ అన్యాయమని తర్వాత తగ్గించి రెండింతలు. పరిగి రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు డాక్యుమెంటు రాసేవాడు ఈ షరతులు చూస్తే తన దస్తూరీయేనా అని అనుమానపడతాడు. ఒక్క తేడా: భూమి బయానాలో ప్రేమ అనే మాట ఎవరూ వాడరు.

మిగతా ప్రపంచం కూడా ఇదే దారి. యూదులు మొదట పిల్ల చేతిలో నాణెం పెట్టేవాళ్ళు, ఆ నాణెం పోయి ఉంగరమైంది. రాయి పొదగకూడదని కూడా కట్టడి, విలువ విషయంలో పిల్ల మోసపోతుందేమోనని. ఎంత చక్కటి అపనమ్మకం! ఇస్లాంలో వరుడు వధువుకు మహర్ ఇవ్వాలి. చేతిలో చిల్లిగవ్వ లేని మనిషితో ప్రవక్త, కనీసం ఇనుప ఉంగరమైనా వెతికి తెమ్మన్నారని హదీసుల్లో ఉంది. అదీ దొరకకపోతే, అతనికి వచ్చిన ఖురాన్ భాగాలే మహర్‌గా పెళ్ళి జరిపించారు. ఇంగ్లాండులో 1552 నాటి ప్రార్థన పుస్తకమైతే మరీ బాహాటం. పెళ్ళికొడుకు ఉంగరాన్ని పుస్తకం మీద పెట్టాలి, దానితోపాటే పాదిరికీ ఆయన గుమాస్తాకీ ముట్టవలసిన దక్షిణ కూడా పెట్టాలి. ఉంగరం పిల్ల వేలికి, దక్షిణ పాదిరి జేబుకి. మన పంతులుగారు ఫోన్‌పే స్కానర్ తాంబూలం పళ్ళెంలో పెడితే నవ్వుతాం గానీ, ఆయన సంప్రదాయం ప్రకారమే పోతున్నాడు.

గమనించండి. రోములోనైనా, జెరూసలేంలోనైనా, మదీనాలోనైనా, లండన్‌లోనైనా ఉంగరానికి జేబు తడుముకున్నది మగవాడు. రోములో కట్నం లేదని నేననను, ఉంది. అయినా ఉంగరం ఖర్చు మాత్రం మగపెళ్ళివాళ్ళదే. ఈ ఆచారం సముద్రాలు దాటి, వికారాబాద్ రైల్వే జంక్షన్‌లో దిగి, పరిగి బస్సెక్కి కుల్కచర్ల చేరేసరికి దానిలో ఒకే ఒక మార్పు జరిగింది. అన్నీ అలాగే ఉన్నాయి: ఎడమచెయ్యి, నాలుగో వేలు, నరం, కేకు, మోకాలి మీద వంగడం. డబ్బులిచ్చే మనిషి మారాడు.

"పిల్లగానికి రొండు తులాల చైను, అర తులం ఉంగరం. ఇగ బండి సంగతి మీ ఇష్టం బావా."

"ఉంగరం మీరు పెడతరు గద బావా, మా పిల్లకు?"

"పెడతం, ఎందుకు పెట్టం! గిప్పుడు ఇచ్చే పైసలల్లకెళ్లే తెస్తం."

మధ్యవర్తి అబద్ధమాడలేదు. మొదటి వాయిదా కట్నం ముట్టాకే పిల్ల ఉంగరం కొంటారు. అంటే పిల్ల తండ్రి అల్లుడి ఉంగరాన్ని తన చేత్తో కొంటాడు, కూతురి ఉంగరాన్ని వియ్యంకుడి చేత్తో కొంటాడు. రెండు ఉంగరాలు, రెండు కుటుంబాలు, ఒకటే సంచి. ముస్లిం ఇళ్ళల్లో మహర్ నిఖానామా కాగితం మీద పిల్ల పేరున ఉంటుంది, జోడే కీ రఖం అనే కట్నం సొమ్ము కాగితం లేకుండా పిల్లగాడి ఇంట్లో ఉంటుంది. చర్చిలో పాదిరి ఉంగరాన్ని ఆశీర్వదిస్తాడు, వెనక బెంచీలో మేనమామ బండి తాళాలు ఎప్పుడిస్తారో కనుక్కుంటుంటాడు. మతసామరస్యం మన దగ్గర లేదన్న మాట పచ్చి అబద్ధం.

1920లలో అమెరికా నగల వర్తకులకు ఒక ఆలోచన పుట్టింది. ఆడవాళ్ళకే ఎందుకు, నిశ్చితార్థం ఉంగరం మగవాళ్ళకూ అంటగడదామని. ప్రకటనలు గుప్పించారు. మగతనం ఉట్టిపడే డిజైన్లు తీశారు. ఒక్కడూ కొనలేదు, పథకం బొక్కబోర్లా పడింది. పాపం, వాళ్ళకు మామగారు అనే వ్యవస్థ తెలియదు. ఒక్క మధ్యవర్తిని ఇక్కణ్ణుంచి పంపించి ఉంటే, రూపాయి ప్రకటన లేకుండా సీజన్ తిరక్కముందే దేశం మొత్తానికి తొడిగించేవాడు.

ఆడవాళ్ళ విషయంలో మాత్రం ఆ వర్తకులు గెలిచారు. డీ బీర్స్ వజ్రాల కంపెనీ 1938లో ఎన్.డబ్ల్యు. ఆయర్ అనే ప్రకటనల సంస్థను కుదుర్చుకుంది. 1947లో అక్కడి ఉద్యోగిని ఫ్రాన్సెస్ గెరెటీ, వజ్రం శాశ్వతమని చెప్పే నాలుగు ఇంగ్లీషు మాటలు రాసింది. ఆమె జీవితాంతం పెళ్ళి చేసుకోలేదు. వంట చేసినవాళ్ళకు ఆకలుండదంటారు. జపాన్‌లో 1967 నాటికి పెళ్ళి కుదిరిన పిల్లల్లో నూటికి ఐదుగురికి కూడా లేని వజ్రపుటుంగరం, 1981కల్లా అరవైమంది వేళ్ళకెక్కింది. ఎంత ఖర్చు పెట్టాలో కూడా కంపెనీయే చెప్పింది: అమెరికావాడికి రెండు నెలల జీతం, జపాన్‌వాడికి మూడు. మన వైపు ఇంకా చెప్పలేదు. మన దగ్గర జీతం ఒకడిది, ఖర్చు ఇంకొకడిది గనక వాళ్ళ లెక్కలు కుదరడం లేదేమో.

ఈ కథలో గోలకొండ వాడికి గుచ్చుకోవలసిన సంగతొకటుంది. 1477లో ఆస్ట్రియా యువరాజు మాక్సిమిలియన్, బుర్గుండీ రాకుమారి మేరీకి వజ్రపుటుంగరం ఇచ్చాడని, అదే మొదలని నగల కొట్లవాళ్ళు మురిసిపోతూ చెబుతారు. ఆ రోజుల్లో లోకానికి వజ్రాలు పోయిందే మన దేశం నుంచి. బ్రెజిల్‌లో దొరికింది 1720లలో. అంతకుముందే, పదిహేడో శతాబ్దంలో, కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో మట్టి మోసే వేలమందిని ఫ్రెంచి వర్తకుడు టవెర్నియే చూసి రాశాడు. వజ్రాలు తవ్వి తవ్వి గుట్టలు పోసినా, రాయి తొడిగితేనే పిల్ల మీద ప్రేమ ఉన్నట్టని ఇక్కడెవరికీ తట్టలేదు. ఆ తెలివి న్యూయార్క్ నుంచి రావలసి వచ్చింది, ఈఎంఐతో సహా.

ఇప్పుడు మన లెక్కలు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, బాగానే మురిశాం. 2025-26కు కందుల మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలు. 2025 ఏప్రిల్‌లో తులం మేలిమి బంగారం లక్ష దాటింది. ఆ రేటుకే చూసినా అర తులం ఉంగరానికి ఆరు క్వింటాళ్ళ కంది పోవాలి, తరుగు, మజూరీ, మూడు శాతం జీఎస్టీ పైన. వాన నమ్ముకున్న నేలలో ఎకరానికి నాలుగైదు క్వింటాళ్ళు దిగితే ఆ ఏడు బాగా పండినట్టు. అంటే ఆషాఢంలో విత్తి, పురుగుకు మందు కొట్టి, పుష్యంలో కోసి, తూర్పారబట్టిన ఎకరం పంట మొత్తం అల్లుడి నాలుగో వేలికి సరిపోదు. అటుపక్క ఎల్‌ఈడీ తెర మీద గుండె ఎగురుతూనే ఉంటుంది. పిల్ల తండ్రి గుండె సంగతి యాంకర్ స్క్రిప్టులో లేదు.

ఇంకో విశేషం. బంగారానికి హాల్‌మార్క్ 2021 జూన్ నుంచి తప్పనిసరి చేశారు. రెండు గ్రాముల లోపు వస్తువులకు మాత్రం మినహాయింపు. అల్లుడి ఉంగరం మీద ఆరక్షరాల హెచ్‌యూఐడీ, దాని పక్కనే అతని పేరులో మొదటి అక్షరం. పిల్లకు పెట్టిన ఉంగరం? చాలా చోట్ల అది చట్టం కంటికి ఆనేంత బరువు కూడా ఉండదు.

మోకాలి ముచ్చట మరిచిపోతే పాపం. ఫోటోగ్రాఫర్ "బ్రో, ఒక్క మోకాలు" అనగానే పెళ్ళికొడుకు వంగుతాడు, ఈలలు పడతాయి. అతను వంగింది ఫ్లాష్ కొట్టేంత సేపు. పిల్ల తండ్రి దసరా నుంచి వంగే ఉన్నాడు, ఆయనకు ఫోటో తీసినవాడు లేడు.

ఇదంతా కట్నం కాదా అని ఎవరైనా అడిగారా? 1961 నుంచి నిషేధం ఉంది గదా! కాదట, ఇది ముచ్చటట. ముచ్చట కోసం ఇచ్చే కానుకలకు కూడా జాబితా రాసి సంతకాలు పెట్టుకోవాలని 1985లో నిబంధనలు వచ్చాయి. ఆ జాబితా ఏ ఇంట్లో ఉందో చూపించమంటే, పెళ్ళి ఆల్బమ్ చూపిస్తారు. ప్రభుత్వం వంతు ప్రభుత్వం చేసింది. 2014లో మొదలైన కళ్యాణలక్ష్మి 51,000 నుంచి పెరిగి పెరిగి 1,00,116 అయింది. 2023 ఎన్నికల్లో కాంగ్రెస్ దాని మీద తులం బంగారం కూడా కలుపుతామంది. ఆ తులానికి ఎదురుచూసిన పెళ్ళికూతుళ్ళకు ఈపాటికి పిల్లలు పుట్టి, వాళ్ళ చెవులు కుట్టించడానికి బంగారం వెతుక్కుంటూ ఉంటారు. సర్కారు మాటకు కూడా బయానా పుచ్చుకొని ఉండవలసింది.

పోనీ, ఇంత చేసి ఉంగరం తొడిగితే పెళ్ళయినట్టేనా? కాదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం ఆచారాన్నీ ఏడడుగులనూ ఒప్పుకుంటుంది. మంగళసూత్రం పేరే ఎత్తదు, ఉంగరం మాట సరేసరి. ఉంగరం తొడిగితే పెళ్ళి చెల్లుతుందని రాసుకున్నది తమిళనాడు. 1967లో అన్నాదురై ప్రభుత్వం ఆత్మగౌరవ వివాహాల కోసం చట్టానికి సవరణ తెచ్చింది. దండ మార్చుకున్నా చాలు, తాళి కట్టినా చాలు, ఉంగరం తొడిగినా చాలు. ఏ వేలికి? ఏ వేలికైనా సరేనంది. పంతులు అక్కర్లేదు, పొగ అక్కర్లేదు, నరం అస్సలు అక్కర్లేదు. మనం ఆ ఉంగరాన్ని తెచ్చుకున్నాం గానీ దానితో వచ్చే పొదుపును పొలిమేర దగ్గరే దింపేశాం. కాబట్టి బొట్టూ ఉంది, ఉంగరాలూ ఉన్నాయి, హల్దీ, మెహందీ, సంగీత్ ఉన్నాయి, జీలకర్ర బెల్లం ఉంది, పుస్తె ఉంది, మట్టెలున్నాయి. కొత్తది వచ్చినప్పుడు పాతదొకటి తీసేద్దామన్న పాపపు ఆలోచన ఏ ఇంట్లోనూ రాలేదు.

అసలు ఉంగరంతో మనకంటూ ఒక ఆచారం ఉండనే ఉంది, అది మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు. తాళి కట్టడం అయ్యాక సన్నమూతి బిందెలో పసుపునీళ్ళు పోసి, ఉంగరం వేసి, ఇద్దరినీ చేతులు పెట్టమంటారు. ఎవరికి దొరికితే ఇంట్లో వాళ్ళదే పైచెయ్యి. మేనత్తలు పిల్ల వైపు, బావమరుదులు పిల్లగాడి వైపు. అక్కడ గోళ్ళతో గిల్లుకుంటారు, నీళ్ళు చిమ్ముకుంటారు, తలవంచుకున్న పిల్ల మొదటిసారి తలెత్తి నవ్వుతుంది. రెండు రోజుల పెళ్ళిలో నిజంగా ఒకరి చెయ్యి ఒకరికి తగిలేది ఆ బిందెలోనే. దానికి స్టేజీ ఉండదు, డ్రోన్ రాదు. కెమెరామన్ అప్పటికి అన్నానికి పోయి ఉంటాడు.

బయానా అన్నాక బేరం చెడే రోజు కూడా ఉంటుంది. ఉంగరాలు మార్చుకున్నాక, పెళ్ళికి ముందు, పిల్లగాడికి ఇంకో ఎకరం ఎక్కువున్న సంబంధం తగిలిందనుకోండి. రోమన్ అయితే ఇచ్చిన ఉంగరం వదులుకొని పోవాలి. మన దగ్గర అతను ఇచ్చిందేమీ లేదు గదా వదులుకోవడానికి! పంచాయితీ కూర్చుంటుంది. హాల్ కిరాయి పోయింది, భోజనాలు తిన్నారు, పొగ గాలిలో కలిసింది. వాటి మాట ఎత్తొద్దంటారు పెద్దమనుషులు. మిగిలింది ఉంగరం. మగపెళ్ళివాళ్ళు దాన్ని పొట్లం కట్టి తెస్తారు, కంసాలిని పిలిపించి తూకం వేయిస్తారు.

"పాత సొమ్ము కింద లెక్క గట్టిచ్చినం బావా. తరుగు పోను మిగిలింది గిదే."